ఎంగిలి దారం

అమ్మాయి నోటి దగ్గరికి వెళ్ళిన కాలర్‌ను చీపురుతో ఒక్కటేసింది ఊడ్చే ముసలమ్మ.

కాలర్ ఎగిరి మిషన్ కింద పడింది.

"పిచ్చి పట్టిందా నీకు?" అని లేచింది గుండీలు కుట్టే అమ్మాయి.

ఆ కుట్టు షెడ్డులో చొక్కా చేతులు మారుతూ తయారవుతుంది. పక్క మిషన్ మీది అక్క కాలర్ కుట్టి, దారం పళ్ళతో కొరికి అందిస్తుంది. అదే దారం కొసను ఈ అమ్మాయి పెదాలతో తడిపి, సూదికెక్కించి గుండీ కుడుతుంది. కత్తెర వెతికితే ఆలస్యం. ఆలస్యమైతే సూపర్‌వైజర్ తిట్లు.

ముసలమ్మకు అక్కడ అందరూ పెట్టిన పేరు కందిరీగ.

"ముట్టుకున్నా కుడుతుంది, ముట్టుకోకపోయినా కుడుతుంది" అని నవ్వుకునేవారు.

కాలర్ అక్క వారం సెలవు తర్వాత ఆ రోజే వచ్చింది. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. మొహం నిండా సన్నటి ఎర్ర దద్దుర్లు.

"వేడి చేసిందంతే" అంది.

"వేడి కాదు నీ మొహం!" అంది ముసలమ్మ. "చెవుల వెనక బిళ్ళలు తడుముకో. రుబెల్లా అది. నీకైతే మూడు రోజుల్లో పోతుంది. కడుపులో బిడ్డకి సోకితే జన్మంతా పోదు."

"ఇక్కడ కడుపుతో ఎవరున్నారే?"

"ఇదిగో, ఇది! మూడో నెల. రోజూ బాత్‌రూములు కడిగేదాన్ని, నాకు తెలీదా?"

మిషన్లన్నీ ఆగిపోయాయి.

అమ్మాయి మొహం పాలిపోయింది. కడుపుతో ఉన్నవాళ్ళను అక్కడ పనిలో ఉంచరు. అందుకే పొట్ట కనబడేదాకా నోరు విప్పకూడదనుకుంది.

సూపర్‌వైజర్ వచ్చాడు.

"నిజమేనా?"

అమ్మాయి తలూపింది.

"రేపట్నించి రాకు. ఏయ్ కందిరీగా, పని ఆపించావు, నువ్వూ రాకు."

"మరి జ్వరంతో ఉన్నదాన్ని ఇంటికి పంపవా?"

"సాయంత్రానికి మూడొందల కాలర్లు కావాలి. ఆవిడ కూర్చుంటుంది. మీరు దయచేయండి."

గేటు బయట అమ్మాయి తిరగబడింది.

"నోటి దగ్గర కూడు లాగేశావు కదే ముసలిదానా! నా చెవిలో చెబితే నీ సొమ్మేం పోయేది?"

"చెవిలో చెప్పేలోపు దారం నోట్లోకి పోయేది. చిన్నప్పుడు టీకా వేశారా నీకు?"

"ఏమో!"

"ఆ ఏమోయే కొంప ముంచేది. తిట్టు, తిట్టుకుంటూనే పద ఆస్పత్రికి."

"ఛీ, నీ మొహం నాకు చూపించకు."

అంది గానీ, భయం ఊరుకోనివ్వలేదు. ఒక్కతే వెళ్ళింది. డాక్టరమ్మ కొన్ని వారాల తేడాతో రెండుసార్లు రక్తం చూసింది.

"నీకు సోకలేదు. కానీ సోకితే ఆపే శక్తి నీ రక్తంలో లేదు. ఈ నెలల్లో వస్తే బిడ్డ చూపు, వినికిడి, గుండె, ఏదైనా దెబ్బతినొచ్చు. కడుపుతో ఉండగా టీకా వేయకూడదు, కాన్పయ్యాక వేయించుకో. ఎవరు హెచ్చరించారు నిన్ను?"

"ఓ గయ్యాళి ముసల్ది" అంది, ఇంకా కోపంగానే.

బిడ్డ పుట్టింది. అమ్మాయి తనూ టీకా వేయించుకుని ఇంటికొచ్చింది.

ఒకనాడు గిన్నె చేజారితే బిడ్డ ఉలిక్కిపడింది. కిటికీ తెరిస్తే వెలుగు వైపు కళ్ళు తిప్పింది.

తల్లి అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు బిడ్డనెత్తుకుని కందిరీగ గది వెతుక్కుంటూ వెళ్ళింది.

"పోయిన వారమే కన్నుమూసిందమ్మా" అంది తలుపు తీసిన పక్కింటావిడ.

లోపల మంచం మీద ముప్పై ఏళ్ళ మనిషి. కళ్ళ మీద తెల్లటి పొర. అలికిడికి తల తిప్పలేదు. బిడ్డను పక్కన పడుకోబెడితే, బుగ్గలు వేళ్ళతో తడిమి మెల్లగా నవ్వింది.

"పాపం, కూతురికి ఇలా అయ్యిందనా పెద్దమ్మకు అంత కోపం!" అంది అమ్మాయి.

"కూతురు కాదు తల్లీ. దీన్ని కన్నది గుండీలు కుట్టే మనిషి. చూడలేక, రెండేళ్ళకే వదిలేసి వెళ్ళిపోయింది."

"మరి పెద్దమ్మ?"

"ఆ గుండీల మనిషి పక్కనే, ఒంటి నిండా దద్దుర్లతో కూర్చుని, దారం కొరికి అందించిన కాలర్ మనిషి."