గొట్టంలో గోల

"ఆ గొట్టం మూసేసి పోవయ్యా. ఇంకేం చెయ్యక్కర్లేదు," అంది అక్క, మంచం మీంచి లేవకుండానే.

మెకానిక్ నిచ్చెనెక్కి, గోడ పైన ఉన్న గుండ్రటి జాలీ మూత విప్పి, లోపలికి టార్చి వేసి చూస్తున్నాడు.

"మూయడానికి లేదమ్మా. చీమ దూరే సందు కూడా లేకుండా బిగించి కట్టిన ఇల్లిది. ఈ గొట్టమే మీ గదికి ముక్కు. మూసేస్తే పొద్దున్నే తలనొప్పితో లేస్తారు."

కింద నిచ్చెన పట్టుకున్న తమ్ముడికి ఆ మాట వింటుంటే కాస్త గర్వం, బోలెడంత చిరాకు కలిగాయి. ఈ ఇంట్లో గాలి కోసం అతను పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. చెడుగాలిని బయటికి లాగే ఫ్యాన్లు చాలన్నారు కొందరు. బయటి గాలిని లోపలికి తోసే ఫ్యాను ఒక్కటి చాలన్నారు ఇంకొందరు. ఆ రెంటితోనూ చలి తిన్నగా ఇంట్లోకి వస్తుందని, పోయే గాలిలోని వెచ్చదనాన్ని పట్టి వచ్చే గాలికి అందించే పెట్టె తెప్పించి అటక మీద పెట్టించాడు. మేడ మీద అక్క గదికీ, పక్కనున్న తన కూతురు చిట్టి గదికీ కలిపి ఒకే గొట్టం వేయించాడు. తలనొప్పంతా అక్కడే వచ్చింది.

మొదట అన్నది చిట్టే. "రాత్రి గొట్టంలో పిల్లి ఏడ్చింది నాన్నా," అంది ఓ పొద్దున. అందరూ నవ్వారు, అక్క తప్ప. ఆ రోజు మొదలు, పిల్ల పాఠం చదివినా, మరదలు ఫోన్లో మాట్లాడినా తన చెవిలో దూరి మాట్లాడినట్టుందనీ, కంటిమీద కునుకు లేదనీ అక్క సాధించడం మొదలుపెట్టింది. చిట్టి గొంతు తగ్గించి చదివింది. మరదలు ఫోను పట్టుకుని వాకిట్లోకి నడిచింది. అయినా అక్క సణుగుడు ఆగలేదు. అన్నం కూడా గదిలోకే తెప్పించుకుని, సగం వదిలేస్తోంది.

"పిల్లీ లేదు, గిల్లీ లేదు," అన్నాడు మెకానిక్ దిగుతూ. "రెండు గదుల మధ్య ఒక పెట్టె బిగిస్తాను. లోపల మెత్త ఉంటుంది. గాలిని పోనిచ్చి, చప్పుడును మింగేస్తుంది."

"వాసన?" అంది అక్క. "ఒక గదిలోది ఇంకో గదిలోకి వెళ్తుందా?"

"వెళ్లదమ్మా. మీ స్నానాల గదిలోంచి తిన్నగా బయటికి పోతుంది."

అతను పెట్టె తేవడానికి వెళ్లాక, తమ్ముడు ఇక ఉండబట్టలేకపోయాడు. అమ్మానాన్నలు పోయాక తనని పెంచింది అక్కే. ఆ రుణం మరిచిన మనిషి కాదు. రెండేళ్ల కిందట ఆమె జబ్బుపడితే ఉద్యోగం మానేసి ఆస్పత్రిలోనే కాపురం పెట్టాడు. పునాదుల దగ్గర ఆగిన ఇల్లు ఆమె కోలుకున్నాకే పైకి లేచింది. అలాంటిది, ఇప్పుడు తన పిల్ల గొంతే ఆమెకి పడటం లేదు.

"మా అలికిడే గిట్టకపోతే చెప్పక్కా. వేరే చోట నీకు గది అద్దెకి చూస్తాను."

"చూడు," అంది అక్క గోడవైపు తిరిగి. "ఎక్కువ రోజులకి మాత్రం తీసుకోకు. దండగ."

ఆ ఎత్తిపొడుపుకి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. గుమ్మంలో నిలబడి విన్న మరదలు, "వదినకి మనం చేసింది ఎప్పటికీ ఆనదులెండి," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

పెట్టె బిగించడం మధ్యాహ్నానికి పూర్తయింది. "పాప పక్క గదిలో గట్టిగా చదువుతుంది. మీరు ఇక్కడే ఉండి వినండమ్మా," అన్నాడు మెకానిక్.

అక్క ఒప్పుకోలేదు. తన గదిలో రేడియో గొంతు పూర్తిగా పెంచి, తలుపు మూసి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్లి చిట్టి గదిలో జాలీ కింద నిలబడింది.

"చప్పుడు ఎటునుంచి ఎటైనా ఒకటేనమ్మా," అన్నాడు మెకానిక్ నవ్వి.

అక్క చెయ్యెత్తి అతన్ని ఆపింది. చాలాసేపు విన్నది. ఆ రోజుకి మొదటిసారి ఆమె మొహం తేటపడింది.

"ఏం వినబడటం లేదు. బాగా చేశావు నాయనా."

చిట్టి ఆమె చీరకుచ్చెళ్లు పట్టుకుంది. "అత్తా, ఇకనుంచి నేను పడుకునేముందు పిలిస్తే నీకు వినబడదా?"

"వినబడదు."

"మరి నువ్వు పిలిస్తే?"

"నేనెందుకు పిలుస్తానే? పోయి చదువుకో."

పిల్ల మొహం చిన్నబోయింది. తమ్ముడు దాని చెయ్యి పట్టుకుని, అక్క వైపు చూడకుండా కిందికి తీసుకుపోయాడు. రాతిగుండె అనుకున్నాడు మనసులో. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు, అయినా మళ్లీ అదే అనుకున్నాడు.

పైన అక్క తన గదిలోకి వచ్చి, రేడియో కట్టేసి, గడియ పెట్టుకుంది.

ఇన్నాళ్లూ పళ్లబిగువున ఆపుకున్న మూలుగును పైకి వదిలింది.