గొర్రెకు ఇరవై

"తాతా, ఆగు! టికెట్!"

కౌంటర్ కిటికీలోంచి రమ్య అరిచింది.

ముసలాయన ఆగలేదు. ఆయన వెనకే వస్తున్న అరవై గొర్రెలూ ఆగలేదు.

రమ్య పరుగున వచ్చి గేటుకు అడ్డంగా నిలబడింది. బీటెక్‌లో ఇలాంటి దానికి ల్యాబ్ లేదు.

నారాయణఖేడ్ నుంచి మనూర్ వెళ్లే దారిలో ఉంది ఎర్రగుట్ట. సర్కారు భూమి. పోయిన నెలే చుట్టూ కంచె వేసి, క్యాంపింగ్ పార్కు అని బోర్డు పెట్టారు. లోపలికి పోవడానికి ముప్పై, రాత్రి గుడారం వేసుకుంటే ఐదు వందలు. టికెట్లు కొట్టే యాప్ రమ్యే తయారు చేసింది. ఆ కాంట్రాక్టు ఉద్యోగం అంటే ఆమెకు గర్వం. జీతం అంటే అంత లేదు.

"టికెట్ ఏంది?" అన్నాడు ముసలాయన.

"లోపటికి పోవాల్నంటే పైసలు కట్టాలె."

"నేను సూడనీకి రాలే బిడ్డా, పండనీకి వచ్చిన. ఒక్క రాత్రి. సూడి గొర్రెలు నాలుగున్నయ్, ఇగ నడువలేవు. చుట్టు చేన్లల్ల కందులున్నయ్. ఇంక జాగ లేదు."

"పండాల్నంటే గుడారానికి ఐదు వందలు."

"గుడారం లేదు. గొంగడుంది."

రమ్య యాప్‌లో వెతికింది. గొంగడికి ఆప్షన్ లేదు. 'పెంపుడు జంతువులు' అని మాత్రం ఉంది. హైదరాబాద్ నుంచి కుక్కపిల్లలతో వచ్చేవాళ్ల కోసం తనే పెట్టింది.

"గొర్రెకు ఇరవై. అరవైకి పన్నెండు వందలైతది."

ముసలాయన పగలబడి నవ్వాడు. వెనక్కి తిరిగి, "ఇన్నరా? మీకు టికెటంట!" అని గొర్రెలకు చెప్పాడు.

తర్వాత రమ్య వైపు తిరిగాడు.

"పిల్లా, మంద ఒక్క రాత్రి చేన్ల పంటే ఎరువైతదని, రైతే నాకు జొన్నలు కొలిచిస్తడు. పండినోడే పైసలిచ్చుడు నేను యాడ సూడలే. ఇస్తే నువ్వే నాకియ్యాలె."

"నన్ను హైరాన్ చెయ్యకు తాతా."

"హైరాన్ కాదు, గైరాన్! గీ గుట్ట గైరాన్. అందరి పసులు మేసే జాగ. ఊరందరిది. నీది గూడ. మరి నీకు నువ్వు టికెట్ కొట్టుకున్నవా?"

రమ్య సూపర్‌వైజర్ ప్రతాప్‌కు ఫోన్ చేసింది.

"రేపు సార్లు తనిఖీకి వస్తుండ్రు. లోపట ఒక్క పెంటిక కనవడ్డా నీ కొలువు పోతది. ఎల్లగొట్టు," అన్నాడు ప్రతాప్.

ఆమె గేటుకు గొలుసు వేసింది. వేశాక మనసొప్పలేదు.

"పోనీ, నీ టికెట్ నేనే కడుత. నువ్వొక్కనివి లోపట పండు తాతా."

"నువ్వు కట్టినా నేను కట్టినా కొనుక్కున్నట్టే గద. ఇయ్యాల మనం కొంటే, రేపు కొనలేనోడు బయట్నే ఉంటడు. నేను కట్ట. నువ్వు కట్టకు."

"మరి యాడికి పోతవు?"

"నాగల్‌గిద్దకు, నా ఇంటికి. రాత్రంత నడుసుడే ఇగ. నన్ను సంగప్ప అంటరు. రేపు మీ సార్లకు చెప్పు, సంగప్ప పైసా కట్టలేదని."

వెనకబడ్డ సూడి గొర్రెను చేత్తో మెల్లగా తోసుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు తనిఖీ బ్రహ్మాండంగా జరిగింది. సార్లు గుడారం ముందు ఫోటోలు దిగి, చాయ్ తాగి పోయారు. వాళ్లూ పైసా కట్టలేదు.

నెల తిరక్కుండానే కోర్టు నోటీసు వచ్చింది. ఎర్రగుట్ట తమ తాతల నాటి పట్టా భూమి అంటూ పాత దొర మనవళ్లు కేసు వేశారు. పార్కుకు తాళం పడింది.

పార్కు తరఫు వకీలు తల పట్టుకున్నాడు.

"దీని మీద ఎన్కట ఒక కేసు నడిచిందంటరు. గా ఫైలు దొర్కుతలేదు. అందరు పసులు మేపిన జాగ ఇది అని చెప్పే పాత మనిషి ఒక్కడన్న కావాలె. లేకుంటే గుట్ట పోయినట్టే."

"గసొంటోళ్లు ఇప్పుడు యాడ దొర్కుతరు సార్?" అన్నాడు ప్రతాప్.

రమ్య అప్పటికే బస్టాండు వైపు నడుస్తోంది.

నాగల్‌గిద్దలో సంగప్ప ఇల్లు దొరికింది. ఇంటి పక్కన గొర్రెల దొడ్డి ఖాళీగా ఉంది. ఆయన భార్య సిద్దమ్మ గడప ముందు కూర్చుని కందులు చెరుగుతోంది.

"అవ్వా, సంగప్ప తాత లేడా?"

"బీదర్‌ల వాచ్‌మన్ పనికి పోయిండు. పొద్దుందాక గేటు కాడ కూసునుడేనంట."

రమ్య ఖాళీ దొడ్డి వైపు చూసింది.

"మరి గొర్రెలు?"

"గా రాత్రి తొవ్వల రెండు సూడియి సచ్చినయ్. మిగిలినయి సంతల అమ్మిండు. పండబెట్ట జాగ లేనోనికి మంద ఎందుకే అన్నడు."

గేటుకు గొలుసు వేసింది తనేనని రమ్య చెప్పింది. నోటీసు సంగతి కూడా చెప్పింది.

సిద్దమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"తాత ఒక్కసారి కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్తే గుట్ట మిగుల్తది అవ్వా."

సిద్దమ్మ చేట కింద పెట్టి, రమ్య ముఖంలోకి చూసింది.

"మల్లొక్కపారా? నలభై ఏండ్ల కింద, దొర పదెకరాలు రాసిస్తనన్నా వద్దని బోనెక్కి, గా గుట్ట అందరిదని చెప్పి సర్కారును గెలిపిచ్చింది మా ముసలోడే గదనే పిల్లా!"