పర్లేదు బంగారం

రాజ్యశ్రీ ఒక్కచోట కూర్చోలేకపోతోంది. పటమటలోని ఆ హాల్లో పిల్లలు కోలాటం నేర్చుకుంటుంటే, గుమ్మం దగ్గర లేస్తోంది, కూర్చుంటోంది, మళ్లీ లేస్తోంది.

"సింధూ, చూపెటు? హారికా, ఆ అడుగేంటే?" టీచర్ గంగారత్నం కేకలేస్తోంది.

పదమూడేళ్ల నిత్య కర్ర కూడా తప్పింది.

"పర్లేదు బంగారం," అందావిడ నవ్వుతూ.

డౌన్ సిండ్రోమ్ ఉన్న తన కూతుర్ని ఒక్క మాట కూడా అనొద్దని, చేర్పించిన రోజే బతిమాలుకుంది రాజ్యశ్రీ.

నిత్య రెండు కర్రలూ నేలకేసి కొట్టింది.

రాజ్యశ్రీ పరుగెత్తింది. "ఎవరేమన్నారమ్మా? ఇంటికెళ్లిపోదామా?"

"ఎవరూ అనలేదు!" నిత్య వెక్కుతోంది. "టీచర్ అందర్నీ తిడుతుంది. నన్నే తిట్టదు. నేనూ ఆడుతున్నా కదా!"

గంగారత్నం రాజ్యశ్రీ వైపు చూసింది. "ఏమంటారండీ?"

రాజ్యశ్రీ తలూపి, కూతురి చెయ్యి వదిలి, గుమ్మం దాకా వెనక్కి నడిచింది.

"కర్రలు విసిరికొడతావుటే!" గంగారత్నం కేకకి హాలు దద్దరిల్లింది. "తియ్యి! కళ్లకద్దుకో! నీ వల్ల వరసంతా ఆగిపోయింది!"

రాజ్యశ్రీ ముందుకు ఉరకబోయి, గుమ్మాన్ని గట్టిగా పట్టుకుంది.

నిత్య గబగబా కర్రలు తీసి, కళ్లకద్దుకుని వరసలోకి దూరింది. ముక్కు తుడుచుకుంటూ, ఎదురుగా ఉన్న సింధుతో గొప్పగా చెప్పింది.

"నన్నూ తిట్టింది!"