చెంచాడు పంచదార

సూర్యప్రకాశం గిన్నె అడుగున మిగిలిన పెరుగును వేలితో తుడిచి మరీ నాకేశాడు.

అది చూసి హైమవతికి ఒళ్ళు భగ్గుమంది.

ముప్ఫై రెండేళ్ళుగా ఆయనకు నేతి పెసరట్లు, మినపరొట్టెలు వేసి పెట్టింది ఆమె. రామచంద్రపురం బజారులోని బట్టల కొట్టుకు ఆయన బయల్దేరే వేళకు టిఫిను ఏనాడూ ఆలస్యం కాలేదు. బాగుందన్న మాట ఆయన నోటివెంట ఏనాడూ రానూ లేదు.

ఇప్పుడేమో గిన్నె నాకుతున్నాడు. పోనీ అందులో ఏముందయ్యా అంటే చప్పటి పెరుగు, నాలుగు జామకాయ ముక్కలు, గుప్పెడు దానిమ్మ గింజలు.

చేసింది సత్యలక్ష్మి.

ఆయన కాలి వేలికి పుండు పడి మానలేదు. షుగరు దిగకపోతే వేలు తీసెయ్యాల్సిందేనని డాక్టరు మూడు నెలలు గడువిచ్చాడు. పథ్యం చెయ్యడం తెలిసిన మనిషని ఎవరో చెబితే, పొద్దున్నే వచ్చి టిఫిను చేసి వెళ్ళేలా సత్యలక్ష్మిని కుదుర్చుకున్నారు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ.

"ఆవిడ చేతిలో ఏదో ఉందే హైమా," అన్నాడు సూర్యప్రకాశం.

పొరుగింటి పుల్లకూర రుచి మరి! హైమవతి పైకి నవ్వింది గానీ లోపల కుతకుత ఉడికిపోయింది.

మర్నాడు సత్యలక్ష్మి పెరుగులో పళ్ళ ముక్కలు కలిపి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. హైమవతి గిన్నెలో చెంచాడు పంచదార వేసి తిప్పేసి, ఏమీ ఎరగనట్టు పూజ గదిలోకి వెళ్ళిపోయింది. తియ్యగా ఉందని ఆయనే కనిపెట్టి ఆవిణ్ణి తరిమేస్తాడని ఆమె ఆశ. ఒక్క చెంచాకు ఏమైపోతుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆయన కనిపెట్టలేదు సరికదా, ఇంకా మెచ్చుకున్నాడు.

ఆ మెచ్చుకోలు నా పంచదారకే అనుకుని లోలోపల మురిసిపోయింది హైమవతి. ఆ మురిపెంతో రోజూ వేసింది.

అంతలో సత్యలక్ష్మి తన ఇంటి నుంచి డబ్బాలో పెరుగు తేవడం మొదలుపెట్టింది. అడిగితే మీ పెరుగు పులుస్తోందండి అంది. తను తోడుపెట్టిన పెరుగుకు వంకా! ఇక హైమవతి పట్టలేకపోయింది.

రెండు నెలలు నిండిన రోజున పంచదార తిప్పేసి, పూజకు వెళ్ళకుండా మొగుణ్ణి వంటింట్లోకి పిలిచింది. సత్యలక్ష్మి ఎదుటే రుచి చూడమని గిన్నె చేతికిచ్చింది.

ఆయన మొహం మాడిపోయింది.

"ఇదేంటమ్మా, పంచదార వేశావా?"

సత్యలక్ష్మి ఒక్కసారి హైమవతి వైపు చూసింది. హైమవతి చూపు తిప్పేసుకుంది.

"తప్పు నాదేనండి," అని సత్యలక్ష్మి తన డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

గడువు నాటికి రిపోర్టు వచ్చింది. షుగరు దిగింది, పుండు మానింది. మీకు టిఫిను చేసిపెట్టిన మనిషికి దండం పెట్టుకోండి అన్నాడు డాక్టరు.

సూర్యప్రకాశం పొంగిపోయాడు. హైమవతికి మాత్రం ముద్ద దిగలేదు. రెండు నెలల పాటు తన చేత్తో వేసిన పంచదార ఏమైనట్టు?

ఉండబట్టలేక ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. సత్యలక్ష్మి కూతురు శ్రీదివ్య ఆసుపత్రికి క్యారేజీ సర్దుతోంది. ఫలానా అని చెప్పగానే కుర్చీ వేసింది. హైమవతి కూర్చోలేదు. తను చేసిన పని దాచకుండా చెప్పేసింది.

"అమ్మకి మొదటి రోజే తెలిసిందండి," అంది ఆ అమ్మాయి. "మీరు పూజలో ఉండగా అయ్యగారికి వేరే గిన్నె కలిపేది. పెరుగు చాలట్లేదని మా ఇంటిది పట్టుకొచ్చేది."

"మరి నేను పంచదార వేసింది?"

"పారబోస్తే మీ కంటపడి చిన్నబుచ్చుకుంటారని, పెరుగు పారబోస్తే ఇంటికి మంచిది కాదని, తనే తినేసేదండి. వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు."

ఆసుపత్రిలో ఎవరున్నారని అడిగింది హైమవతి.

"అమ్మేనండి. మొన్న పాదం తీసేశారు," అంది శ్రీదివ్య. "అమ్మకీ షుగరే, పదేళ్ళ నుంచి."