బైడూ సార్ లెక్క

కేప్ కోస్ట్‌లోని ఆ చిన్నపిల్లల బడికి బైడూ సార్ హెడ్మాస్టరు. కూడికలూ తీసివేతలూ పలక పట్టుకుంటే తప్ప రావని ఆయన గట్టి నమ్మకం. టీచరమ్మేమో కుర్చీలను ఊళ్ళో తిరిగే ట్రోట్రో అద్దె వ్యానులా వరసగా వేసి, పిల్లల్ని ఎక్కించీ దించీ, ఇప్పుడెంతమంది ఉన్నారని అడిగేది. ఐదేళ్ళ మన్సా ఆ వ్యానుకు కండక్టరు.

“ఏమ్మా, వీళ్ళకి చదువు చెప్తున్నావా, ఊళ్ళు తిప్పుతున్నావా?” అన్నారు సార్. “సోమవారం నుంచి ఈ ఆట బందు.”

ఆ శనివారమే పిల్లలను సముద్రానికి తీసుకెళ్ళారు. ఇద్దరికి వాంతులైతే టీచరమ్మ వాళ్ళను ముందుగానే ఇళ్ళకు తీసుకెళ్ళింది. మిగతావాళ్ళకు సార్ ఉన్నారు కదా, ఇంక భయమేముంది! సాయంత్రం అందరినీ వ్యానెక్కించి, తలల మీదుగా వేలు తిప్పి, “సరిపోయారు, పోనీవోయ్” అన్నారు.

మన్సా లేచి వ్యాను రేకును దబదబా బాదింది. డ్రైవరు బ్రేకు వేశాడు.

“ఇరవైమందిమి వచ్చాం సార్. మేడమ్‌తో ఇద్దరు వెళ్ళిపోయారు. పద్దెనిమిది ఉండాలి. పదిహేడే ఉన్నాం.”

“కూర్చో! ఇది మీ ఆట కాదు” అని కసిరి, సార్ మళ్ళీ లెక్కపెట్టారు. పదిహేడే! వ్యాను దిగి ఒడ్డుకు ఉరికారు.

ఒడ్డున పడవ నీడలో పిల్లవాడొకడు ఆదమరచి నిద్రపోతున్నాడు. అలలు అప్పటికే వాడి కాళ్ళు తడుపుతున్నాయి. సార్ బూట్లతోనే నీళ్ళలోకి పరుగెత్తి వాణ్ణి ఎత్తుకున్నారు.

వాణ్ణి వ్యానెక్కించాక, ఎంతో ఉదారంగా మన్సా తల నిమిరారు. “లెక్కపెట్టాలని నీకెలా తోచిందే, తల్లీ?”

“మేడమ్ వెళ్తూ వెళ్తూ చెప్పారు సార్” అంది మన్సా. “సార్ లెక్కపెట్టాక నువ్వు కూడా ఒకసారి లెక్కపెట్టమ్మా అని.”