సొంత నీడ నిషేధం

నగరంలో నీడకు కూడా టికెట్ పెట్టారు. అందుకే తమ్ముడు యశ్వంత్‌నీ చెల్లి లిఖితనీ ఎండలోనే తిప్పి, మ్యూజియం చూపించి తీసుకొద్దామనుకున్నాను. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. వాళ్లకు అన్నీ చూపించాలని నా తాపత్రయం.

మ్యూజియం క్యూలో లిఖిత కళ్లు తిరిగి కూలబడింది. సంచిలోంచి అమ్మ గొడుగు తీసి తెరిచాను.

"మేడం, సొంత నీడ అలౌ లేదు. మూసెయ్యండి," అన్నాడు గార్డు.

"సినిమా హాల్లో మన పులిహోర లాక్కున్నట్టా?" అన్నాడు యశ్వంత్.

లిఖిత నా చెయ్యి పట్టుకుంది. "మూసెయ్యక్కా. రూల్ రూలేనని నువ్వే చెప్తావుగా."

చెప్పాను, నిజమే. ఆ రూలు ఏసీ గదిలో కూర్చుని రాశారని మాత్రం చెప్పలేదు. ఒళ్లు మండిపోయింది.

"ఫైన్ నా పేరున రాసుకోండి. మా చెల్లి లేచి నిలబడేదాకా గొడుగు మూయను."