గట్టు మీద కచేరీ

తలుపులమ్మ పిన్ని భర్త పోయి ఏడాదైంది. ఆయన వాటా పొలంలో చెరుకు ఆవిణ్ణి అడక్కుండానే కొట్టేస్తున్నారు. ఆవిడ గట్టున కూర్చుని చూస్తోంది. ఎమ్మే చరిత్ర చదువుతున్న నాకు ఉపన్యాసానికి ఇంతకన్నా మంచి సభ ఎక్కడ దొరుకుతుంది?

"మధ్యయుగాల ఇంగ్లండులో భర్త పోతే భూమిలో మూడో వంతు భార్యది పిన్నీ! మేనరు కోర్టులో, అంటే దొరగారి కచేరీలో, ఊరందరి ముందూ నిలబడి అడిగేవారు."

‘మధ్యయుగాల’ అన్న మాట నా నోట ఎంత నిండుగా పలికిందో అని మురిసిపోయాను.

"మరి అడ్డొచ్చినోణ్ని ఏటి సేసేవోరు?"

"పేరు పెట్టి పిలిచి నిలదీసేవారు. నువ్వూ అడుగు. భయమెందుకు?"

"బయం కాదే. బావగారికి ఎదురుపడి మాటాడకూడదు, పేరెత్తకూడదు కదా. నీకా అడ్డు నేదు, సదువుకున్నదానివి. నువ్వు పిలు."

గొంతు సవరించుకున్నాను. నేర్చుకున్న పెద్ద మాటలన్నీ ఎటో పోయాయి. ఒక్కటే మిగిలింది.

"నాన్నా!"

చెరుకు మోపులు కట్టిస్తున్న ఆయన తిరిగి చూశాడు.

"ఏటమ్మా?"

పిన్ని లేచొచ్చి నా వెనక నిలబడింది.